మామ్మ బదనిక, నా ఆర్కిడ్

గత ఏడాది మార్చిలో నా ఉద్యోగం పోయింది. బెంగళూరులో గది ఖాళీ చేసి మండపేట వచ్చేశాను. ఇంట్లో మాత్రం ‘వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు’ అని చెప్పా. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ముందు ల్యాప్‌టాప్. ఉద్యోగాలకి అప్లై చేయడం తప్ప వేరే పనేం ఉండేది కాదు.

వీడియో ఇంటర్వ్యూల్లో నా వెనక గోడకి రైస్‌మిల్లు క్యాలెండర్ కనిపించేది. దాన్ని తీసేసి ఓ ఆర్కిడ్ పెడదామనిపించింది. మనకి మొక్కలకి కొదవా? ద్వారపూడి మీదుగా బండి మీద వెళ్తే కడియం నర్సరీలే. ఏడు వందలు పెట్టి తెల్ల పూల ఫెలనాప్సిస్ తెచ్చాను. గ్రీకులో ఆ పేరుకి దీపప్పురుగు లాంటిదని అర్థమట. నిజంగానే పురుగులు రెక్కలు చాపి వరసగా వాలినట్టుంటాయి పూలు.

రెండు నెలల్లో చంపేశాను. బుద్ధిగా కుండీలో ఎర్రమట్టి నింపి, రోజూ నీళ్లు పోశాను మరి! ఇది మట్టిలో బతికే మొక్క కాదు, చెట్ల కొమ్మల మీద గాలిలో వేళ్లాడేది. వేళ్లకి స్పాంజి లాంటి పొర ఉంటుంది. తడిస్తే పచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది. వెండి రంగుకి తిరిగాకే నీళ్లు పోయాలి. మట్టి బదులు బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్కల ముక్కలు వేస్తే సరిపోతుంది. ఆకుల మధ్య మొవ్వులో నీళ్లు నిలవకూడదు, ఎండ నేరుగా పడకూడదు. మళ్లీ పూయాలంటే కొన్ని వారాలపాటు రాత్రుళ్లు చల్లగా ఉండాలి. మన వైపు ఆ చల్లదనం డిసెంబరు, జనవరిల్లోనే. ఇవన్నీ అది చచ్చాక చదివాను.

కుళ్లిన మొక్కని పారేద్దామని పెరట్లోకి వెళ్లాను. మేడమెట్లకి అడ్డొస్తోందని నాన్న ముందురోజే మామిడి కొమ్మ కొట్టించారు. కింద పడున్న ఆ కొమ్మకి ఏదో మొక్క అతుక్కుని ఉంది.

“బదనికరా అది. చెట్టు రసం తాగేస్తుంది. పీకి పారెయ్” అంది మామ్మ, అరుగు మీంచే.

పీకబోయి ఆగాను. వేళ్లు వెండి రంగులో ఉన్నాయి. చెంబుతో నీళ్లు చల్లితే నిమిషంలో పచ్చబడ్డాయి! ఫోటో తీసి వెతికితే వాండా టెస్సెలాటా అని తేలింది. ఆర్కిడే. చెట్టు రసం తాగదు, కొమ్మని పట్టుకుని ఉంటుందంతే. ఇంకా వెతికితే మన సామర్లకోటే తగిలింది. 1780ల్లో అక్కడ ఉన్న రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు ఇక్కడి మొక్కలకి స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. 1795లో లండన్‌లో అచ్చవడం మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఇదీ ఉంది. ‘వాండా’ అన్న మాట సంస్కృతంలోని ‘వందా’ నుంచి వచ్చిందట. వందా అంటే బదనికే. మామ్మ మరీ అంత తప్పేం చెప్పలేదన్నమాట.

దాన్ని కొబ్బరి డొక్కకి నూలుతాడుతో కట్టి, మిగిలిన మామిడి మాను మీద, పొద్దుటి ఎండ తగిలే వైపు వేలాడదీస్తుంటే మామ్మ అడిగింది.

“ఈ వేళప్పుడు పెరట్లో ఉంటే మీ ఆఫీసోళ్లు ఏమనరా?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేశాను.

“తెలుసులేరా. ఒకటో తారీఖున మీ అమ్మ ఫోను టింగుమనేది, నువ్వు డబ్బులేస్తే. మూడు నెలలై మోగట్లేదు” అంది. “మీ నాన్నకి చెప్పనులే” అని కూడా అంది.

సెప్టెంబరులో ఉద్యోగం దొరికింది. జీతం తక్కువ, కానీ ఈసారి నిజంగానే వర్క్ ఫ్రమ్ హోమ్. వాండా వేళ్లు డొక్క దాటి మానుని పట్టుకున్నాయి, తాడు తీసేశాను. (అలాగని మీరు తోటల్లో, అడవుల్లో ఉన్నవి పీక్కురాకండి. మాది పడిపోయిన కొమ్మ మీదిది.)

ఈ మే నెలలో ఆరు పూలు పూసింది. పసుపుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదా పెదవి. మామ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి వాసన చూసింది. బాగుందని ఒప్పుకుంది గానీ ఇంకా బదనికనే అంటోంది.

ఆ మార్చి సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇది ఆయన ఫోన్‌లో నేనే ఓపెన్ చేసి ఇస్తాను.