జ్వరం దిగాక వచ్చే ప్రమాదం

కృష్ణా పశ్చిమ డెల్టాలో నాట్లు ముగిసి కలుపుతీతలు సాగే రోజుల్లో తెనాలి ఆసుపత్రులకు జ్వరాలతో వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. వణుకుతూ వచ్చేవాళ్ల కంటే, జ్వరం దిగి ఒళ్లు చల్లబడి మాట తడబడేవాళ్లను చూస్తే డాక్టర్లకు భయం ఎక్కువ.

అక్కడ చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక ఫిజీషియన్ దగ్గరికి రేపల్లె వైపు నుంచి ఒక కౌలురైతును తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా జ్వరం, పిక్కల్లో పోట్లు, ఎర్రబడ్డ కళ్లు. ఎలుకల మూత్రం కలిసిన చేలో నీళ్లలోంచి కాలి పగుళ్ల గుండా ఎక్కే లెప్టోస్పైరోసిస్ లక్షణాలవి. "పొద్దున్నించీ జ్వరం లేదండీ, సెలైను పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు కొడుకు. అప్పటికే బీపీ 80కి పడిపోయింది, మూత్రం ఆగిపోయింది, ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. సూది గుచ్చిన చోటల్లా రక్తం ఊరుతోంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక కూడా కిడ్నీలు దెబ్బతింటూనే వచ్చాయి. డయాలసిస్ మీద బతికి బయటపడ్డాడు.

క్రిమి చస్తున్నా మనిషి ఎందుకు క్షీణిస్తాడు?

దీనికి కొంత జవాబు 2004లో బెర్లిన్ నుంచి వచ్చింది. తెల్ల రక్తకణాల్లో సగానికి పైగా ఉండే న్యూట్రోఫిల్స్ క్రిముల్ని మింగి చంపుతాయని అప్పటికే తెలుసు. అవి తమ డీఎన్ఏనే పోగులుగా విప్పి బయటికి విసురుతాయని, ఆ పోగులకు అంటుకున్న హిస్టోన్లు అనే ప్రోటీన్లు, ఎంజైములు అందులో చిక్కిన క్రిముల్ని చంపుతాయని మాక్స్ ప్లాంక్ సంస్థలో బ్రింక్‌మన్, జైచ్లిన్‌స్కీ బృందం చూపించింది. వీటికి 'నెట్స్' అని పేరు పెట్టారు. నిజాంపట్నం జాలరి వలలో చేపతో పాటు చెత్త కూడా పడ్డట్టు, ఈ పోగుల్లో ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు కూడా చిక్కుకుంటాయి. సన్నని రక్తనాళాలు గడ్డలతో పూడుకుపోతాయి. కిడ్నీకి, ఊపిరితిత్తులకు రక్తం అందదు. గడ్డకట్టించే పదార్థాలన్నీ అక్కడే ఖర్చయిపోవడంతో మరోచోట రక్తస్రావం మొదలవుతుంది. కణాల్లోంచి బయటపడ్డ హిస్టోన్లు రక్తనాళాల గోడల్నే చంపుతాయని 2009లో తేలింది. లెప్టోస్పైరా క్రిమి కూడా న్యూట్రోఫిల్స్ చేత ఈ పోగుల్ని విడిపిస్తుందని 2015లో రుజువైంది.

బాపట్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడది ఇంకో దారి. పదేళ్ల నాటి షుగరు, స్పర్శ తెలియని పాదం, గుచ్చుకున్న ముల్లు. పుండు నెలల తరబడి మానలేదు. ఒకరోజు ఉన్నట్టుండి ఆయాసం, మగత. షుగరున్నవాళ్ల న్యూట్రోఫిల్స్ ఈ పోగుల్ని వదలడానికి ముందే సిద్ధంగా ఉంటాయని, ఆ పోగులే పుండును మాననివ్వవని 2015లో బోస్టన్‌లో డెనీసా వాగ్నర్ బృందం కనుగొంది. అందుకే ఆ డాక్టరు షుగరు రోగులు ఎందుకొచ్చినా చెప్పులు విప్పించి పాదాలు చూస్తారు.

మరి ఆ పోగుల్ని తెంచేస్తే? డీఎన్ఏను ముక్కలు చేసే డోర్నేజ్ ఆల్ఫా అనే ఎంజైము మందు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నవాళ్లకు 1993 నుంచీ ఉంది. కానీ సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు స్పందించే తీరే ఇలా అవయవాల్ని దెబ్బతీసే స్థితి) తెప్పించిన ఎలుకలకు అలాంటి ఎంజైమునే తొందరగా ఇస్తే నష్టం జరిగింది, కొన్ని గంటలు ఆగి ఇస్తే మేలు కనిపించింది. మొదటి గంటల్లో ఆ పోగులు క్రిముల్ని పట్టి ఉంచుతాయి, ఆ తర్వాత అవయవాల్ని దెబ్బతీస్తాయి. ఏ రోగిలో ఆ మలుపు ఎప్పుడొచ్చిందో చెప్పే పరీక్ష మంచం పక్కన ఇంకా అందుబాటులో లేదు.

కాబట్టి తెనాలి డాక్టరు చేతిలో ఉన్నది సమయమే. సెప్సిస్‌తో బీపీ పడిపోయే సెప్టిక్ షాక్ అని అనుమానిస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేపల్లె నుంచి తెనాలికి సుమారు 35 కిలోమీటర్లు. ఆ దూరం కంటే "రేపటిదాకా చూద్దాం" అనుకునే రాత్రికే ఎక్కువ సమయం పోతోంది. అందుకే ఆ డాక్టరు ఊళ్లలో ఆశా కార్యకర్తలకు మూడు గుర్తులు నేర్పుతున్నారు: నిమిషానికి 22 లేదా అంతకు మించిన ఊపిరి, 100కి దిగిన పై బీపీ, తడబడే మాట. వీటిలో రెండు కనిపిస్తే, థర్మామీటరు ఏం చూపినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయమంటున్నారు.