కొత్తపేటలో పెనం మీది రొట్టె

కొత్తపేటలో నాలుగో అంతస్తులోని హోటల్, అద్దాల కిటికీ పక్క బల్ల. కూర్చోగానే అమ్మ కిందికి చూసింది. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న స్థలం అటువైపే.

“మీ నాయిన బత్తాయి లారీ ఎక్కి వచ్చేది ఈడికే గద” అంది.

మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. నాన్న రాత్రంతా లారీలో వచ్చి, తెల్లారి కాయ అమ్మి, గేటు బయట బండి మీద ఇడ్లీ తిని తిరుగు బస్సెక్కేవాడు. ఇలాంటి చోట ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. అమ్మను బంజారాహిల్స్‌కు కాకుండా ఇక్కడికే తేవాలని నేను పట్టుబట్టింది అందుకే.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్ళిన రోజుల్లో పెద్ద హోటల్ అంటే మాకు ఆబిడ్స్. పండక్కో, ఫలితాలొచ్చిన రోజో డబ్బులు పోగేసుకుని బస్సెక్కేవాళ్ళం. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక నగరం అటు చివర మాకు దగ్గరైంది. నాకు మాత్రం ఇంటి పక్కనే మంచి భోజనం దొరకడం ఇంకా ఇష్టం.

మెనూ కార్డులో మొదటి పేజీలన్నీ చైనా, మొఘలాయి వంటలు. నేను నేరుగా చివరి పేజీకి వెళ్ళాను. బగారా అన్నం, తలకాయ కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. విజయవాడ రోడ్డు పట్టుకుని నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలెన్నో. ఈ పేటలో పెట్టిన హోటల్‌ను తూచాల్సింది ఆ పేజీతోనే అని నా నమ్మకం.

“రొట్టెలన్ని ఒక్కసారే తేవద్దని చెప్పు బిడ్డా. సల్లారితే తోలు లెక్క సాగుతది.”

వడ్డించే అబ్బాయి ఆ మాట విని నవ్వాడు. “మాది దేవరకొండ దిక్కే అమ్మా. ఒక్కొక్కటే తెస్తా” అన్నాడు. అన్నట్టే తెచ్చాడు. మొదటిది తుంచగానే ఆవిరి లేచింది.

వంటగది చూస్తానంటే మేనేజరు కాదనలేదు. పెనం ముందు ఒకామె నిలబడి ఉంది. గోధుమ పిండిలా జొన్నపిండి సాగదు, కర్రకు లొంగదు. ఆమె మరిగే నీళ్ళు పోసి కలిపి, చెయ్యి పట్టగలిగేంత వేడిలోనే అరచేతి మొదలుతో గట్టిగా పిసికింది. పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పింది. అంచు ఎక్కడా పగల్లేదు. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్ళు రాసింది. నీళ్ళు ఆరీ ఆరకముందే తిప్పాలి, ఆలస్యమైతే రొట్టె పగులుతుంది. చివరికి మంట మీద పెడితే పూరీలా పొంగింది. షాండ్లియర్లు, మెత్తటి కుర్చీలు ఎన్నున్నా ఆ హోటల్ పరువు నిలబడింది ఆ రెండు చేతుల మీదే.

తిరిగొచ్చేసరికి అమ్మ చెంచా పక్కన పెట్టి పచ్చిపులుసు అన్నంలో పోసుకుని కలుపుతోంది. కాల్చిన పచ్చిమిర్చి, పచ్చి ఉల్లిగడ్డ, పైన నువ్వుల పొడి. పొడి కాస్త తక్కువైందంది. అడిగితే చిన్న గిన్నెలో విడిగా తెచ్చిచ్చారు. చుట్టూ చూశాను. పక్క బల్ల దగ్గర మూడు తరాల కుటుంబం, వాళ్ళూ చేతులతోనే తింటున్నారు.

బిల్లులో 5 శాతం జీఎస్టీ ఉంది, సర్వీస్ చార్జీ లేదు. దాన్ని హోటళ్ళు తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. టిప్పుగా ఇవ్వదలచుకున్నది రెండు భాగాలు చేసి, ఒకటి ఆ అబ్బాయికి ఇచ్చాను. రెండోది అమ్మ అడిగి తీసుకుంది, రొట్టెలామెకు తనే ఇస్తానని. వంటగది తలుపు దగ్గర వాళ్ళిద్దరూ ఏ ఊరు, ఎవరింటోళ్ళు అని మాట్లాడుకుంటుంటే నేను లిఫ్ట్ దగ్గర పావుగంట నిలబడ్డాను.