బండి మీద ముగ్గురం

మొన్న మా జలదంకి మిత్రుడొకడు ఫోను చేసి, అమెరికా పౌరసత్వపు దరఖాస్తులో పాత స్పీడింగ్ టికెట్లు రాయాలా వద్దా అని అడిగాడు. 2019లో ఇదే ప్రశ్నతో వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నవాణ్ణి గనుక, కాస్త వివరంగానే చెప్పాను.

ఎన్-400 అనే ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉన్నది. ఏ పోలీసు అధికారి అయినా, ఏ కారణం చేతనైనా, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేయడం గానీ, నిర్బంధించడం గానీ, సైటేషన్ ఇవ్వడం గానీ జరిగిందా? ఆ 'ఎప్పుడైనా'ను పెద్ద అక్షరాలలో అచ్చువేశారు. కారు ఆపి చేతిలో పెట్టిన స్పీడింగ్ టికెట్ కూడా సైటేషనే.

టెక్సాస్‌లో నావి రెండు. 2011లో హ్యూస్టన్ నుంచి డాలస్ వెళుతూ పట్టుబడి జరిమానా కట్టాను. 2014 నాటి దానికి డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు పూర్తిచేస్తే కోర్టు కేసు కొట్టివేసింది. "కొట్టేసినదాన్ని రాయడమేమిటి, నీకేమైనా పిచ్చా?" అన్నారు ఇక్కడి స్నేహితులు. కానీ రికార్డు చెరిపివేసినా సరే చెప్పవలసిందేనని ఆ ఫారంలోనే ఉన్నది. అరెస్టు, మద్యం, మాదకద్రవ్యాల ప్రసక్తి లేకుండా 500 డాలర్ల లోపు జరిమానాతో పోయినవాటికి కాగితాలు జతచేయనక్కరలేదు, అంతే. కాగితాలు అక్కరలేదంటే చెప్పనే అక్కరలేదని చాలామంది అనుకుంటారు.

దరఖాస్తుకు ముందు అయిదేళ్ళు (పౌరుల భార్యాభర్తలకైతే మూడేళ్ళు) సత్ప్రవర్తన చూపాలి. ఒకటి రెండు జరిమానాలతో అది చెడిపోదు. ప్రమాణం చేసి, లబ్ధి కోసం నోటితో అబద్ధమాడితే చెడిపోతుంది. ఆ అబద్ధం ఎంత అల్పవిషయం గురించైనా సరేనని 1988లో కుంగిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ రెండూ రాశాను. సంతకం చేయబోతూ మళ్ళీ 'ఎప్పుడైనా' దగ్గర ఆగిపోయాను.

1995లో డిగ్రీ పరీక్ష నాడు జలదంకిలో బస్సు తప్పిపోయి, మా నాయన టీవీఎస్ మోపెడ్ మీద ముగ్గురం కావలికి బయలుదేరాము. నడిపింది నేను. మొన్న ఫోను చేసినవాడు చివర్న, ఇద్దరి మధ్యా ఇంకొకడు. దారిలో కానిస్టేబుల్ ఆపాడు. 50 రూపాయలు ఇచ్చి, గంట కొట్టేస్తారేమోనన్న భయంతో, రసీదు కోసం ఆగకుండానే వెళ్ళిపోయాము. ఆయన ఆ రోజు నా పేరు ఏ పుస్తకంలోనైనా రాసుకున్నాడా? రాస్తే సైటేషన్, రాయకపోతే ఏమిటి?

ఆ రాత్రి మా నాయనకు ఫోను చేశాను.

"ఏంది అబ్బయ్యా, ఆ బండి అమ్మే ఇరవై ఏళ్ళయింది. వాళ్ళకెట్టా తెలిసేది?" అని నవ్వాడు. కాసేపాగి, "అడిగితే చెప్పు. దాచేదానికి అదేమన్నా దొంగతనమా?" అన్నాడు.

అదీ రాశాను. తేదీ గుర్తులేదనీ, రసీదు లేదనీ కూడా రాశాను.

ఇంటర్వ్యూలో కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించాక, ఆ అధికారిణి మొదటి రెంటికీ జరిమానాలు, క్లాసు వివరాలు మాత్రం అడిగింది. మూడవదాని దగ్గర తల ఎత్తి, "ఒకే మోపెడ్ మీద ముగ్గురా?" అన్నది. అవునన్నాను. ఎర్ర పెన్నుతో ఒక టిక్కు పెట్టి, రాజ్యాంగం ప్రశ్నలలోకి వెళ్ళిపోయింది. నా గొంతు మాత్రం అప్పటికే ఎండిపోయి ఉన్నది.

ఇప్పుడు అంత తేలిక కాకపోవచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకం, నిర్లక్ష్యంగా బండి నడపడాన్నీ, పదే పదే చేసే ట్రాఫిక్ ఉల్లంఘనలనూ ప్రవర్తన కింద లెక్కించవచ్చునంటున్నది. మావాడికి మూడేళ్ళలో నాలుగు టికెట్లు. ఒక్కటీ దాచవద్దనీ, ముందు వకీలును కలవమనీ చెప్పాను.

అంతా విని, "సరే గానీ, కావలి రోడ్డు మీద నేను ఊరకే వెనక కూర్చున్నా గదా, అది నేనూ రాయాల్నా?" అన్నాడు.