పసుపు దీపం

ఋణమును, అగ్నిని, శత్రువును శేషం లేకుండా తీర్చుకోవాలని పెద్దలు చెప్పుదురు. కారులో మీటర్ల నడుమ వెలిగే చిన్న పసుపు దీపమును కూడా ఆ వరుసలో చేర్చవలసి ఉన్నదని గత సంవత్సరం నాకు అనుభవపూర్వకంగా తెలిసింది.

మాది లాడ్ బజార్. 1591లో నిర్మితమైన చార్మినార్‌కు పడమటి దిక్కున, గాజుల తళుకులతో సాగే వీధి. మా అబ్బాజాన్ నలభై ఏళ్ళు అక్కడ లక్కను నిప్పుసెగపై మెత్తబరచి, తీగగా సాగదీసి, వలయంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతూ సంసారం ఈదినవారు. ఆ హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడు ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదవగలిగినది కూడా ఆ గాజుల సంపాదనతోనే.

చెల్లెలి పెళ్ళి నిశ్చయమైనది. చేతిలో సొమ్ము చాలలేదు. నేను పాతదిగా కొనుక్కున్న మూడు సిలిండర్ల చిన్న కారును అమ్మివేయుటకు నిర్ణయించుకున్నాను. సరిగ్గా ఆ వారమే ఇంజను బొమ్మ గల పసుపు దీపం వెలిగింది. సిగ్నలు వద్ద ఆగినప్పుడు బండి చలిజ్వరం వచ్చినవానివలె వణకసాగింది. ఒక మరమ్మతుశాలలో చూపగా, "ఇంజను విప్పాలి, పద్దెనిమిది వేలు అవుతుంది" అన్నారు. నా గుండె జారిపోయింది.

మా కళాశాల సైన్సు విద్యార్థి ఒకడు నా దిగులు గమనించి, అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి తెచ్చాడు. "సార్, ముందు కారునే అడుగుదాం" అన్నాడు. స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్ ఉన్నదని నేను అంతవరకు ఎరుగను. ఈ పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుండి తప్పనిసరి అయినది. మన దేశంలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలతో పాటు వ్యాపించినది. పరికరాన్ని సాకెట్‌లో పెట్టి ఫోనుతో కలుపగా ఒక సంకేతం కనబడింది: పి 0301. 'పి' అనగా ఇంజను, గేరు వ్యవస్థ. చివరి అంకె సిలిండరును తెలుపుతుంది. మొదటి సిలిండరులో ఇంధనం సరిగా మండుట లేదని దాని భావం.

నేను వెంటనే, "అయితే ఏ సామాను మార్చాలి?" అన్నాను. శిష్యుడు నవ్వి, "సార్, సంకేతం చోటు చెబుతుంది గాని కారణం చెప్పదు" అన్నాడు. స్పార్క్ ప్లగ్ కావచ్చు, దానికి విద్యుత్తునిచ్చే కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, తాళం తీసివేసి, మొదటి సిలిండరు కాయిల్‌ను రెండవదానికి, రెండవదానిని మొదటిదానికి మార్చి బిగించాము. ప్లగ్గులను కదల్చలేదు. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో ఏది ఫలించినదో తెలియదు. తరువాత సంకేతాన్ని చెరిపివేశాము. దీపం ఆరిపోయింది.

పరీక్ష వచ్చినది అప్పుడే. కొనదలచిన వ్యక్తి ఆ సాయంత్రమే వస్తానని మధ్యవర్తి ఫోను చేశాడు. సంగతి విని, "దీపం ఆరింది కదా, ఈ రాత్రే ఇచ్చివేయండి" అన్నాడు. దోషం వరుసగా రెండు ప్రయాణాలలో కనబడితేనే సాధారణంగా దీపం తిరిగి వెలుగుతుందని శిష్యుడు అప్పుడే చెప్పి ఉన్నాడు. అనగా ఆ రాత్రికి నా అబద్ధం క్షేమం! చెల్లెలి పెళ్ళిఖర్చులు కళ్ళముందు తిరిగాయి. నేను మౌనంగా నిలబడ్డాను.

అరుగుమీద కూర్చున్న అబ్బాజాన్ అంతా విన్నారు. "బేటా, పగిలిన లక్కగాజును సెగ చూపి అతకవచ్చు, అది పనితనం. పగులుమీద రాయి అద్ది అమ్మవచ్చు, అదీ పనితనమే. నలభై ఏళ్ళలో రెండవది చేయలేదు కనుకనే నా అంగడికి తల్లుల వెంట కూతుళ్ళు వచ్చారు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

రెండు రోజుల తరువాత రమ్మని కబురు చేశాను. మరునాడు కొద్ది దూరం నడుపగా అదే వణుకు, పి 0302. దోషం కాయిల్‌తో పాటు రెండవ సిలిండరుకు తరలివెళ్ళింది! దొంగ దొరికాడు. కొత్త కాయిల్ వెల రెండు వేల లోపే. బిగించినది మొదలు వణుకూ లేదు, దీపమూ లేదు.

వచ్చిన పెద్దమనిషికి జరిగినదంతా చెప్పి, పాత కాయిల్‌నూ బిల్లునూ చూపాను. ఆయన వెయ్యి రూపాయలు తగ్గించమన్నారు, తగ్గించాను. చెల్లెలి పెళ్ళి జరిగింది.

విద్యార్థులారా! ఆ దీపం స్థిరంగా వెలిగితే త్వరలో పరీక్షించండి. రెపరెపలాడితే మాత్రం బండిని నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టంలోని శుద్ధియంత్రాన్ని చెరుపుతుంది. ఇంట చేయదగినది ఇంట చేయండి, చేతకానిది పనివానికి అప్పగించండి. కాని దీపాన్ని ఆర్పుటయే మరమ్మతు అని ఎన్నడూ అనుకోవద్దు. ఈ పాఠం నాకు నేర్పినవారు ఇద్దరు: ఒకరు నా శిష్యుడు, మరొకరు బడి ముఖం ఎరుగని నా తండ్రి.