వేడి చేసిందమ్మా

బెజవాడ మే నెల ఎండకి ఎవరికైనా వేడి చేస్తుంది. అందుకే మా గదిలోకి వచ్చిన మగాళ్లలో సగానికి సగం మంది మొదలుపెట్టేది ఆ మాటతోనే. ‘వేడి చేసిందమ్మా. ఒంటేలుకెళ్తే మంట. సబ్జా నీళ్లు తాగాను, కొబ్బరి బోండాలు తాగాను, తగ్గట్లా.’ కొత్తలో నేనూ నమ్మేశాను. ‘నీళ్లు బాగా తాగండి’ అని ఒకాయన్ని పంపేశాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, ప్యాంటు మీద మరక కనపడకుండా చొక్కా బయటికి వదిలి. సెగ. పుస్తకాల్లో గనేరియా అంటారు. మా డాక్టరుగారు కేకలెయ్యలేదు. ‘వేడన్నాడా? బాగానే ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో అడిగావా?’ అన్నారంతే.

ఎలా అడుగుతాం? పెళ్లయి రెండేళ్లు కాని దాన్ని, ఎదురుగా మా మావయ్య వయసు మనిషి. ఆ ప్రశ్న నోటివెంట రావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

2008లో సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చేరాను. అప్పటికే పులిరాజా హోర్డింగులు జనం నోళ్లలో నానిపోయాయి. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని పిల్లలు కూడా వీధుల్లో అరిచేవాళ్లు. ఎయిడ్స్ పేరు అందరికీ తెలుసు. దానికి దారి తీసే పుండు, చీము, దురదల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఒరిసిన చర్మం హెచ్‌ఐవీకి తెరిచిన తలుపని చెప్తే, ‘పుండుకీ దానికీ ఏం సంబంధం?’ అని ఎదురడిగేవాళ్లు. బయట బోర్డు మీద ‘సురక్ష క్లినిక్’ అని ఉంటుంది. ఆసుపత్రి వరండా చివర, స్టోరు రూము పక్కన గది. తలుపు తీస్తే బెంచీల మీద కూర్చున్న జనమంతా లోపలికి చూస్తారు. మొదటి జీతంలో వన్‌టౌన్‌లో ముదురు నీలం కర్టెన్ బట్ట కొని కుట్టించాను. ఆ కర్టెన్ కట్టాకే ఆడవాళ్లు కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం చూశాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి చెప్తున్నాను, ముందు మాటలు నేర్చుకోండి. సెగ అంటే మంట, చీము. సవాయి అంటే సిఫిలిస్. గజ్జల్లో బిళ్లకట్టిందంటారు, అడ్డగర్రలంటారు. ఆడవాళ్లయితే తెల్లబట్ట. రోగి ఏ మాట వాడితే మీరూ అదే వాడండి. ‘యురెత్రల్ డిశ్చార్జ్’ అన్నారా, ఆ మనిషి నోరు అక్కడే మూతపడుతుంది.

మందుల కిట్లకి రంగులున్నాయి, మా నోట అవే పేర్లు. బూడిదరంగులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఒక్క మోతాదే, చీముకి. ఆకుపచ్చ తెల్లబట్టకి. తెలుపు పుండుకి, పెన్సిలిన్ పడనివాళ్లకి నీలం. ఎరుపు హెర్పిస్‌కి, పసుపు పొత్తికడుపు నొప్పికి, నలుపు గజ్జల బిళ్లకి. రిపోర్టు కోసం ‘రేపు రండి’ అంటే రేపు రారు. లక్షణం చూసి ఆ రోజే, మా కళ్లముందే మింగించి పంపాలి. అందుకే ఈ పద్ధతి. దీని లోటూ చెప్పాలి. మగాడికి మంటపెట్టి చెప్పే జబ్బు ఆడమనిషికి చాలాసార్లు చెప్పనే చెప్పదు. లక్షణమే లేని మనిషికి రంగెక్కడిది? అందుకే చీటీ.

ఈ చీటీ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను. రోగికి మందిచ్చాక, భాగస్వామిని తీసుకురమ్మని ఒక కాగితం రాసిస్తాం. ఒకరికే వైద్యం చేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. చేరిన రెండో ఏడు, కరకట్ట వైపు నుంచి ఒకామె వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. తెల్లబట్ట, దురద, పాలు విరిగినట్టు. డాక్టరుగారు పరీక్ష చేసి ఆకుపచ్చ రాశారు. నేను అలవాటుగా చీటీ రాసి, ‘మీ ఆయన్ని కూడా తీసుకురండి, ఇది ఇద్దరికీ సంబంధించింది’ అన్నాను. నాలుగో రోజు వచ్చింది. చెంప మీద వేళ్ల అచ్చులు. చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకొచ్చింది. ‘ఎవడి దగ్గరికెళ్లొచ్చావని అడిగాడండీ’ అంది.

ఆమెకున్నది ఈస్ట్. ఒంట్లో ఉండేదే, గర్భమొచ్చినా షుగరున్నా యాంటీబయాటిక్స్ వాడినా పెరుగుతుంది. మొగుణ్ణి పిలవాల్సిన పనే లేదు. అన్ని తెల్లబట్టలూ సుఖవ్యాధి కాదన్నది శిక్షణలో మొదటిరోజే చెప్పారు, నేనే నోట్సులో రాసుకున్నాను. రాసుకున్నది చేతికి రాలేదు. ఆ సాయంత్రం డాక్టరుగారే ఆయన్ని పిలిపించారు. ఇంకేదో సాకుతో, షుగరు పరీక్ష అనో ఏదో. అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. ఆయన తల దించుకుని వెళ్లాడు. ఆమె మళ్లీ మా దగ్గరికి రాలేదు. అప్పట్నుంచీ చీటీ రాసేముందు మూడు అడుగుతాను: ఇంట్లో చెప్పగలరా, చెప్తే ఏమవుతుంది, నేను ఫోన్ చేస్తే మేలా. మూడోదానికి అవునంటే కాగితమే ఇవ్వను.

ల్యాబ్‌లో మాకొక మాస్టారుండేవారు. సవాయిని పట్టే వీడీఆర్‌ఎల్ పరీక్ష ఆయన చేస్తుంటే చూడాలి. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, పలక మీద గుండ్రటి గళ్లలో చుక్క వేసి, నిమిషానికి 180 చుట్ల లెక్కన నాలుగు నిమిషాలు తిప్పేవారు. మిషను చెడిపోయిన రోజు చేత్తోనే తిప్పారు, కళ్లు గడియారం మీద పెట్టి. ఒకసారి ఒక కుర్రాడి రిపోర్టు ‘నాన్ రియాక్టివ్’ అని వచ్చింది. నేను సంబరంగా ‘నీకేం లేదు బాబూ’ అనేశాను. డాక్టరుగారు వాడి అరచేతులు తిప్పి చూశారు. రాగి రంగు మచ్చలు, దురద లేదు. అరికాళ్లలోనూ అవే. మూడు నెలల కిందట పుండొచ్చిందట, నొప్పి లేదట, దానంతటదే మానిపోయిందట. ‘పలచన చేసి మళ్లీ చూడండి’ అని రాసి పంపారు. ఈసారి బలంగా పాజిటివ్.

మాస్టారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. ‘పెళ్లి భోజనాల్లో జనం మరీ ఎగబడితే వడ్డన ఆగిపోతుంది చూడమ్మా, అలాగే. యాంటీబాడీలు మితిమీరితే గుంపు కట్టవు. పల్చన చేస్తే కడతాయి.’ ప్రోజోన్ అంటారు దీన్ని. వాడికి పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, సగం సగంగా రెండు వైపులా. ఆ మందు చిక్కన, సూదిలో అడ్డం పడుతుంది. మా సిస్టర్ సీసాని బాగా గిలకొట్టి, సూదిలోకి లాగాక క్షణం ఆగకుండా ఒకే వేగంతో ఎక్కించేది. ఆగావా, గడ్డ కడుతుంది, రెండోసారి పొడవాలి. గర్భిణులకి మొదటి చెకప్‌లోనే ఈ రక్తపరీక్ష ఎందుకని అడిగితే ఆ సిస్టరే చెప్పేది: ‘తల్లికి ఇదే సూది వేళకి పడితే బిడ్డకి రాదు. అంతకంటే చవకైన మందు నా సర్వీసులో చూళ్లేదు.’

గది దాటి బయటికెళ్లాకే ఊరు తెలుస్తుంది. రెండు జాతీయ రహదారులు కలిసేచోటు ఇది, ఆటోనగర్ ఉన్నచోటు. బాడీ కట్టించడానికో ఇంజను విప్పించడానికో వచ్చిన లారీ రోజుల తరబడి ఆగుతుంది, దాంతోపాటు డ్రైవరూ క్లీనరూ ఆగుతారు. చేతిలో డబ్బు, చెయ్యడానికి పనిలేదు. అక్కడ నాకు దారి చూపింది ఒక పీర్ ఎడ్యుకేటర్ అక్క. తనూ ఒకప్పుడు సెక్స్ వర్కరే. ఏ షెడ్డు దగ్గర ఎంతసేపు నిలబడాలో, ఎవరితో ముందు టీ తాగాలో ఆమెకి తెలుసు. నేను పాంప్లెట్లు పంచబోతే చేయి పట్టుకుని ఆపింది. ‘కాగితం చూస్తే పోలీసులనుకుంటారు మేడమ్. ముందు బండి గురించి అడగండి.’

ఒక డ్రైవరన్న ‘నిరోధ్ వాడతాను మేడమ్, అయినా చిరిగిపోతుంది’ అన్నాడు. అబద్ధమనుకున్నాను. అక్క క్యాబిన్ ఎక్కి చూసింది. ప్యాకెట్లు డాష్‌బోర్డు మీద, అద్దం కింద. మే నెల. రబ్బరు జిగురైపోయింది. పక్కనే కొబ్బరినూనె సీసా, దానికోసమే. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలం పోగొట్టుకుంటుంది. అప్పట్నుంచి నా పాఠం కొయ్య నమూనాతో మొదలవదు, ‘ఎక్కడ పెట్టుకుంటావు?’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. సీటు కింద నీడలో, గుడ్డలో చుట్టి పెట్టుకోమంటాను. పర్సులో వద్దు.

ఇంకో తప్పుంది, త్వరగా చెప్పి వదిలేస్తాను. ఒక కాలేజీ కుర్రాడు విరేచనానికి వెళ్తే నొప్పి అని వచ్చాడు. ‘పెళ్లయిందా? అమ్మాయిలతో వెళ్లావా?’ అని అడిగాను. లేదు, లేదు. ‘మొలలేమో’ అన్నాను. రెండు నెలల తర్వాత ఒక కోతితో కలిసి వచ్చాడు. కోతి అంటే నవ్వకండి, మగవాళ్లతో వెళ్లే మగవాళ్లలో కొందరు తమని తాము పిలుచుకునే పేరు. వాడికి కావలసింది మొదటిరోజే ఇవ్వాల్సిన బూడిదరంగు కిట్టు. స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు 2018లో వచ్చింది, నా ప్రశ్న అంతకుముందే మారింది. ఇప్పుడు ‘ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా’ అని టీయా కాఫీయా అన్నంత మామూలుగా అడుగుతాను. ముఖం మారకూడదు. అద్దం ముందు ప్రాక్టీసు చేశాను, సిగ్గెందుకు.

క్లినిక్‌కొచ్చినవాళ్లని చూసి ఊరిని లెక్కగట్టకండి. ఏటి అవతల గుంటూరు జిల్లాలోనే, 2000ల మధ్యలో, ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి చూసిన పరిశోధన ఒకటుంది. ఆసుపత్రి లెక్కలు హెచ్‌ఐవీని చాలా ఎక్కువ చేసి చూపిస్తున్నాయని అది తేల్చింది. 2007లో దేశం మొత్తం అంచనానే యాభై లక్షల పైనుంచి పాతిక లక్షలకి దించారు. అయినా అప్పట్లో ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రా పేరు చెరగలేదు. మా గదిలో మారింది వేరు. చేరినప్పుడు చీము, పుండ్లు. ఇప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే హెర్పిస్, పులిపిర్లు, అంటే వైరసులు. మాత్రతో పోయేవి తగ్గి, మాత్రతో పోనివి మిగిలాయి. సెగ కూడా పెన్సిలిన్‌కి, తర్వాత సిప్రోకి లొంగడం మానేసింది. బస్టాండు గోడల మీద ‘రహస్య వ్యాధుల స్పెషలిస్టు’ల పోస్టర్లు మాత్రం మారలేదు. ధాతువు పోతోందని వాళ్లకి వేలు పోసి, జబ్బేమీ లేకుండా మా దగ్గరికొచ్చే కుర్రాళ్లూ తగ్గలేదు.

డెల్టాలో పనికి కాలముంది. బందరు వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మగాళ్లు ఇళ్లల్లోనే ఉంటారు. భార్యాభర్తల్ని ఒకేరోజు కూర్చోబెట్టి మందిచ్చే అవకాశం అప్పుడే. మిగతా నెలల్లో చీటీలు రాసీ రాసీ చెయ్యి నొప్పెడుతుంది.

ఆ డ్రైవరన్న ఓ సంవత్సరం తర్వాత గదికొచ్చాడు. తను లోపలికి రాలేదు. పాతికేళ్ల క్లీనరుని రెక్కపట్టుకుని కర్టెన్ ఇవతలికి తోశాడు.

‘వీడికీ వేడి చేసిందంట మేడమ్. నేను బయట ఉంటాను, మీరు అడగండి.’