అమ్మ టికెట్టు, అబ్బాయి మైళ్లు

బాపట్ల జిల్లా కొల్లూరు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబం ఒక్కసారి స్వగ్రామానికి వచ్చి వెళ్లినా భూమి చుట్టుకొలతలో దాదాపు మూడింట రెండు వంతుల దూరం ప్రయాణిస్తుంది కనుక, విమానయాన సంస్థల సభ్యత్వ పథకాలు ఇలాంటివారి కోసమే పుట్టాయనుకోవడం సహజమే గానీ, వాటి లెక్క వేరు.

మైలు అంటే ఈ పథకాల్లో సభ్యుడి ఖాతాలో జమయ్యే పాయింటు. అవి తగినన్ని కూడితే వాటితో తీసుకునేది అవార్డు టికెట్టు. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్ పథకాన్ని ప్రారంభించినప్పుడు ఎగిరిన దూరమే జమకు ఆధారం కాగా, 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలు, మరుసటి ఏడాది అమెరికన్ టికెట్టు ధరను ఆధారం చేసుకుని, సాధారణ సభ్యుడికి డాలరుకు 5 మైళ్లు, అత్యున్నత శ్రేణి సభ్యుడికి 11 మైళ్లు ఇవ్వసాగాయి. షికాగో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాదుకు రానూపోనూ సుమారు 17 వేల మైళ్ల దూరం ఉండగా, పన్నులు పోను వెయ్యి డాలర్ల టికెట్టుపై ఆ లెక్కన సాధారణ సభ్యుడికి దక్కేవి 5 వేలే.

ఈ లెక్కలో నెగ్గేది ఏడాదికోసారి ఊరికి వచ్చేవాడు కాదు, సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి గురువారం రాత్రి ఇల్లు చేరే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. టికెట్టు డబ్బు కంపెనీది, మైళ్లు అతనివి. పరాయి సొమ్ముతో చూపే విధేయతకు ఖర్చేముంటుంది?

అలా కూడిన మైళ్లతో కొల్లూరులో ఉన్న తల్లికి టికెట్టు తీయవచ్చు. అయితే కొన్ని సంస్థలు అవార్డు టికెట్టుపైనా ఇంధనం పేరిట అదనపు రుసుము వసూలు చేస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, శ్రేణి వల్ల వచ్చే సౌకర్యాలు ప్రయాణించే మనిషికే తప్ప మైళ్లు ఇచ్చిన మనిషికి సంబంధించినవి కావు కాబట్టి, కొడుకుకు ఎంత పెద్ద హోదా ఉన్నా ఒంటరిగా వెళ్లే తల్లికి ఆవకాయ జాడీల కోసం అదనపు పెట్టె రాదు. డబ్బు పెట్టి కొన్నప్పుడూ మైళ్లు ఆమె పేరనే జమవుతాయి. ఆమెకు ఖాతా లేకపోతే అవి ఎవరికీ చెందవు. ఎమిరేట్స్ వంటి సంస్థలు కుటుంబమంతటి మైళ్లను ఒక్కచోట కలుపుకోనివ్వడం ఈ లోపాన్ని కొంత పూడుస్తుంది.

బడి సెలవుల్లో, సంక్రాంతికి ముందు ఒకే విమానంలో నాలుగు అవార్డు సీట్లు దొరకడం అరుదు. మైళ్లకు నిజమైన విలువ వచ్చేది ఊరి నుంచి అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడే. అప్పటికప్పుడు కొనే టికెట్టు ధర కొండెక్కి ఉండగా, అమ్ముడుపోవని తేలిన సీట్లను కొన్ని సంస్థలు చివరి రోజుల్లో అవార్డు సీట్లుగా వదులుతాయి. నలుగురికి కాకపోయినా ఒక్కరికి చోటు దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ. ఆ సీటు శంషాబాదు దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి తెనాలి మీదుగా కొల్లూరుకు మరో ఆరు గంటలు కారులోనే.