ఒక విధి నుంచి మరో విధి వైపుకు

ఆకాశంలో కనిపించే ప్రతి విశేషాన్నీ ప్రళయానికి ముడిపెట్టడం మన ఇళ్ళల్లో అలవాటైపోయింది. 2025 ఫిబ్రవరిలో, షాబాన్ మాసం గడుస్తూ రమజాన్ ఏర్పాట్లు మొదలైన రోజుల్లో, అటువంటి వార్త ఒకటి ఫోన్లలో తిరిగింది. '2024 వైఆర్4' అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనవచ్చునట! అది పడే అవకాశమున్న ప్రాంతాల్లో దక్షిణాసియా కూడా ఉందట!

ఆ వార్తలో నిజం లేకపోలేదు. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక టెలిస్కోపు ఆ శకలాన్ని గుర్తించింది. ఫిబ్రవరి 18 నాటి లెక్క ప్రకారం అది భూమిని తాకే అవకాశం 3.1 శాతం. అంటే తాకకుండా వెళ్ళిపోయే అవకాశం దాదాపు 97 శాతం. మరికొన్ని రోజుల పరిశీలన తరువాత ఆ ప్రమాదం దాదాపు లేనట్లేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. అయితే భయపెట్టిన సందేశం చేరిన ఇళ్ళన్నిటికీ ఈ ఊరట కబురు చేరలేదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని జనం చెప్పుకోసాగారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు దైవసూచనలేనని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేసి, ప్రజలను నమాజు వైపుకు, దుఆ వైపుకు మళ్ళించారు. ప్రళయ ఘడియ ఎప్పుడన్నది అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. దానికి తేదీ వేసి పంచిపెట్టే అధికారం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లోనే మా మదరసాలో హిఫ్జ్ చేస్తున్న ఒక బాలుడు నన్ను ఇలా అడిగాడు: "హజ్రత్! అల్లాహ్ పంపే రాయిని మనిషి తప్పించాలని చూడటం విధివ్రాతకు ఎదురు నిలవడం కాదా?"

ఇది పిల్లవాడి ప్రశ్నే కదా అని తీసివేయదగినది కాదు. ఇదే మాట చెప్పి తుపాను హెచ్చరిక వచ్చినా ఇల్లు కదలని పెద్దలను, బిడ్డకు టీకా వేయించని తల్లిదండ్రులను నేను చూశాను. అందుకే అతనికి హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఉదంతం వినిపించాను. ఆయన సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. దైవం రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజియల్లాహు అన్హు) ప్రశ్నించారు. అవును, అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ బదులిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని వివరించారు. ఆపద విధి అయినట్లే, దానిని తప్పించుకునే మార్గమూ విధిలోనిదే.

గ్రహశకలాల విషయంలో ఆ మార్గానికి మొదటి మెట్టు ముందుగా చూడటం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల శకలం పేలింది. సూర్యుని దిక్కు నుంచి రావడం వల్ల దానిని ముందుగా ఎవరూ చూడలేకపోయారు. వెలుగు చూసి కిటికీల దగ్గరకు వచ్చినవారి మీద అద్దాలు పగిలిపడ్డాయి. వెయ్యిమందికి పైగా గాయపడ్డారు.

రెండో మెట్టు దారి తప్పించడం. భూమి తన వ్యాసమంత దూరం సాగడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. ఎదురయ్యే శకలాన్ని ఆ మాత్రం ఆలస్యం చేయగలిగితే, అది వచ్చేసరికి భూమి ముందుకు సాగిపోయి ఉంటుంది. ఎన్నో ఏళ్ళ ముందుగానే నెడితే అందుకు స్వల్పమైన తోపు చాలు. 2022 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దీనిని పరీక్షించింది. డార్ట్ అనే నౌకను సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో డైమోర్ఫస్ అనే చిన్న శకలానికి ఢీకొట్టించింది. దానివల్ల భూమికి ఎటువంటి ప్రమాదమూ లేదు, అది ప్రయోగం మాత్రమే. డైమోర్ఫస్ తన పెద్ద శకలం చుట్టూ తిరిగే కాలం 11 గంటల 55 నిమిషాల నుంచి సుమారు అరగంట తగ్గింది.

సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నాయని దివ్య ఖుర్ఆన్ మనకు తెలుపుతుంది. లెక్క ఉన్నందువల్లనే 2032 నాటి గమనాన్ని ముందే చెప్పడం సాధ్యమైంది. ఆ లెక్కను నేర్చుకోవడం మన పూర్వీకులకు కొత్త కాదు. నసీరుద్దీన్ తూసీ 1259లో మరాగాలో వేధశాల నెలకొల్పారు. మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ ప్రారంభించిన నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్రపటం తయారీలో పాలుపంచుకుంది. మన పిల్లలు ఖుర్ఆన్‌తో పాటు గణితమూ, భౌతికశాస్త్రమూ శ్రద్ధగా చదవాలని నేను కోరేది అందుకే.

తల్లులకు ఒక విన్నపం. ఇటువంటి సందేశం వచ్చినప్పుడు నిజానిజాలు తెలుసుకోకుండా మరొకరికి పంపకండి. పిల్లలు భయపడితే కసరకండి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. చేతిలో మొక్క ఉండగా ప్రళయమే ముంచుకొచ్చినా, వీలైతే దానిని నాటమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. నన్ను ప్రశ్నించిన బాలునికి చివరగా ఆ మొక్క సంగతే చెప్పి, ఆ రోజు పాఠం అప్పగించమన్నాను.